ఉడుం మందు

బెంగళూరు మడివాళ మార్కెట్ వెనక సందులో ఉన్న సొన్నమ్మ మెస్‌కి బోర్డు లేదు. అవసరమూ రాలేదు. పదకొండు గంటలకు సాంబారుకు తిరగమోత వేస్తే ఆ ఘుమఘుమ సందు చివరిదాకా పోయేది. ఉద్యోగాల కోసం ఊరుగాని ఊరొచ్చి పేయింగ్ గెస్టు గదుల్లో సర్దుకున్న కుర్రకారు ముక్కును నమ్ముకుని వచ్చేసేవారు. సర్జాపుర పక్క తెలుగువాళ్ళ పల్లె నుంచి భర్త నారాయణప్పతో కలిసి వచ్చి ఆమె ఇక్కడ పొయ్యి వెలిగించింది ఎనభై అయిదులో. ఆయన బేరమాడి కూరగాయలు తెచ్చేవాడు, ఆమె వండేది. రెండు వేల ఏడు నాటికి మధ్యాహ్నం ఒక్కపూటే నూట ఇరవై మంది తినేవారు.

ఆ ఇరవై రెండేళ్ళలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. సొన్నమ్మ గరిటెతో రెండు చుక్కలు ఎడమ అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించుకునేది. క్షణంపాటు కళ్ళు మూసుకునేది. "సాకు, దించండి" అనేది, ఇక చాలని కన్నడంలో. ఆ మాటకిక తిరుగులేదు.

రుచి చూసీ చూసీ, అందరూ తిన్నాక మిగిలింది పారేయలేక తినీ తినీ, ఆమె ఒళ్ళు తొంభై ఆరు కిలోలకు చేరింది. పదకొండేళ్ళుగా చక్కెర జబ్బు. మూడు రకాల మాత్రలు మింగినా చక్కెర మాట వినడం మానేసింది. ఆమె అక్క పిల్లమ్మకూ అదే జబ్బు. కిందటేడు బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానక, చివరికి పాదమే తీసేశారు. అక్క కాలికి కట్టిన కట్టు చూసి వచ్చిన రోజు నుంచి సొన్నమ్మ ప్రతి సాయంత్రం తన పాదాలను కిందా మీదా తడిమి చూసుకోవడం మొదలుపెట్టింది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆస్పత్రిలో ఆమెకు వైద్యం చేసే డాక్టరు గీతాంజలిది అనంతపురం. ఒకరోజు రిపోర్టులు పక్కన పెట్టి అసలు సంగతి చెప్పింది.

"మాత్రలతో ఇంక లాభం లేదు సొన్నమ్మా. ఇన్సులిన్ మొదలుపెట్టాలి. కాకపోతే ఇన్సులిన్‌తో ఇంకొంచెం ఒళ్ళు రావచ్చు. మీ మోకాళ్ళు చూస్తే నాకు భయంగా ఉంది. ఇంకో దారి కూడా ఉంది. కొత్త సూదిమందు ఒకటి వచ్చింది. చక్కెరా తగ్గుతుంది, బరువూ తగ్గుతుందని అంటున్నారు. మన దగ్గర అది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఏడాదిపాటు కొంతమందికి ఇస్తున్నాం. సగం మందికి అది, సగం మందికి ఇన్సులిన్. ఎవరికేది వస్తుందో కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఇష్టమైతేనే చేరండి."

"దేంతో చేస్తారమ్మా ఆ మందు?"

డాక్టరు మాట దాటవేయలేదు. "అమెరికా ఎడారిలో మన ఉడుం లాంటి జంతువు ఒకటి ఉంది. ఏడాదికి ఏ అయిదారుసార్లో తింటుంది. దాని ఎంగిల్లో ఒక పదార్థం దొరికింది. మనం అన్నం తిన్నాక పేగుల్లో పుట్టి చక్కెరను అదుపు చేసేది, ఇక చాలని మెదడుకు చెప్పేది ఒకటుంటుంది కదా, ఇది దానికి దగ్గర చుట్టం. ఇప్పుడు ఉడుమును ఎవరూ పట్టి పిండటం లేదులెండి. అచ్చం అలాంటిదే ఫ్యాక్టరీలో తయారు చేస్తున్నారు."

సొన్నమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. "సాంబార్లో బల్లి పడకుండా ఇరవై రెండేండ్లుగా కండ్లల్లో ఒత్తులేసుకోని కాపలా కాస్తా ఉండా. మీరేమో ఉడుం ఎంగిలి తెచ్చి పొట్టలో పొడుచుకోమంటారు!"

నవ్వింది కానీ ఆలోచించింది. మర్నాడు నారాయణప్పను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ మందు పరీక్షకు సంబంధించిన కాగితాలు, మందుల లెక్క చూసేవాడు స్టాన్లీ. ముప్పై ఏళ్ళుంటాయి, గుంటూరు నుంచి వచ్చినవాడు. పంతొమ్మిది పేజీల కాగితాలు ముందు పెట్టి, "ఆంటీ, ఇక్కడ సైన్ చేస్తే చాలు. మిగతాదంతా ఫార్మాలిటీ" అన్నాడు.

"చదువప్పా."

"అంతానా ఆంటీ?"

"అంతా. చదివి నాకు తెలిసేటట్ల చెప్పు."

రెండు గంటలు పట్టింది. నడుమ నడుమ ఆమె ఆపి అడిగింది. మందు పడకపోతే మానుకోవచ్చా? మానుకుంటే డాక్టరమ్మ వైద్యం మానేస్తుందా? మధ్యలో ఏమైనా అయితే ఖర్చెవరిది? స్టాన్లీ ఓపిగ్గా పేజీలు తిప్పి చూపించాడు. చివర్న ఆమె కన్నడ అక్షరాల్లో, నాలుగో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి రాతలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

చీటీలో ఆమెకు కొత్త మందే వచ్చింది. చూడటానికి లావుపాటి కలంలా ఉంది. పొద్దున తిండికి ముందొకసారి, రాత్రి భోజనానికి ముందొకసారి పొట్టమీద చర్మం పట్టుకుని పొడుచుకోవాలి. సూది వెంట్రుకంత సన్నం. మార్కెట్లో ఎంతటివాడితోనైనా బేరమాడే నారాయణప్ప ఆ సూది చూస్తే మాత్రం మొహం గోడవైపు తిప్పుకునేవాడు. సొన్నమ్మ మాత్రం మూడో రోజుకే మిరపకాయ తొడిమ తీసినంత సులువుగా ఆ పని చేసేది. రోజుకు రెండు గళ్ళున్న చిన్న పుస్తకం ఇచ్చారు. పొడుచుకున్నప్పుడల్లా ఒక గడిలో టిక్ పెట్టాలి. పక్కన ఏం తిన్నదీ, ఒంట్లో ఎలా ఉన్నదీ రాయాలి. ఆమె చెప్పేది, నారాయణప్ప రాసేవాడు.

మొదటి నెల వింతగా గడిచింది. నాలుగో ముద్దకే కడుపు సాకు అనేది. ఆకలి అనే చుట్టం చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయినట్టుండేది. మూడు కిలోలు తగ్గింది. పూలమ్మే సుంకమ్మ సంగతి విని సందంతా చాటింది. అప్పటినుంచి దానికి ఉడుం మందు అని పేరు పడిపోయింది.

రెండో నెలలో మోతాదు రెట్టింపు చేశారు. కష్టం అక్కడ మొదలైంది.

ఆవాలు చిటపటలాడితే చాలు, కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చేది. ఇంగువ వాసనకు కళ్ళు తిరిగేవి. ముక్కుకు కొంగు కట్టుకుని వండింది. అరచేతిలో వేసుకున్న సాంబారు చుక్కను నాలుక ఒప్పుకోలేదు. అలవాటైన చేతి కొలతను నమ్ముకుని అందాజుగా ఉప్పు వేసింది. ఒక మధ్యాహ్నం, మూడేళ్ళుగా అక్కడే తింటున్న కౌశల్ అనే కుర్రాడు చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు. "అక్కా, ఏమనుకోవద్దు. ఈరోజు సాంబార్లో కొంచెం సాల్ట్ ఎక్కువైనట్టుంది."

ఎంతో మర్యాదగానే అన్నాడు. కానీ ఆమెకు నలుగురిలో చెంప ఛెళ్ళుమన్నట్టయింది. బియ్యం మూటల గదిలోకి పోయి, మూట మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారమే చెన్నయ్య మనవరాలి నిశ్చితార్థం. బెంగళూరు వచ్చిన కొత్తలో వాళ్ళకు తలదాచుకోను గది ఇచ్చినవాడు చెన్నయ్య. మూడు వందల మందికి వంట. "నీ చెయ్యి పడాల్సిందే సొన్నా" అని ముసలాయన ఇంటికొచ్చి మరీ అడిగాడు. కాదనే నోరు ఆమెకెక్కడిది? ఆ సాయంత్రం సూది కలాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టేసింది. పుస్తకంలో గడి ఖాళీగా వదిలేసింది.

వంట బ్రహ్మాండంగా కుదిరింది. హుళిసారు అనే పులుసు కోసం జనం రెండోసారి, మూడోసారి ఆకు ముందుకు జరిపారు. విందు అయిపోయినా ఆమెకు మళ్ళీ ఆ వికారంలోకి దిగబుద్ధి కాలేదు. ఈరోజు కాదు రేపు అనుకుంటూ మొత్తం తొమ్మిది రోజులు మానేసింది. తొమ్మిదో రోజు వేలు పొడిచి చూసుకుంటే చక్కెర రెండు వందల ఎనభై. నాలుక తిరిగొచ్చింది, జబ్బూ తిరిగొచ్చింది.

ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. స్టాన్లీ ఆమెకు ఎప్పటిలాగే ఎత్తు కుర్చీ తెచ్చి వేశాడు, మోకాళ్ళు నొస్తాయని. పుస్తకం తెరిచాడు. పద్దెనిమిది ఖాళీ గళ్ళు.

"ఆంటీ, ఇవి ఫిల్ చేయడం మర్చిపోయారు."

"మర్చిపోలేదప్పా. పొడుచుకోలేదు."

స్టాన్లీ లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పటికే ఇద్దరు డ్రాప్ అయ్యారు ఆంటీ. ఇంకా మిస్సింగ్ డోసులు కనిపిస్తే కంపెనీవాళ్ళు మన సెంటర్ క్లోజ్ చేసేస్తామంటున్నారు. అప్పుడు మీకూ మందుండదు, నాకూ జాబుండదు. ఓ పని చేయండి. టిక్కులు పెట్టేయండి. పెన్‌లో మిగిలింది సింక్‌లో నొక్కేద్దాం. ఎవరికీ నష్టం లేదు. ఇంకొకళ్ళిద్దరికీ ఇట్లాగే చెప్పాను."

అతనంటే సొన్నమ్మకు ఇష్టం. ఎండలో వస్తే మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు, క్యూలో నిలబడనిచ్చేవాడు కాదు. మందు పోతే తనకూ నష్టమే. మోకాళ్ళ మీది నుంచి బరువు దిగడం ఆమెకు తెలుస్తూనే ఉంది. పెన్ను చేతిలోకి తీసుకుంది. మొదటి ఖాళీ గడి వైపు చూసింది. మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఒక మాట చెప్తా విను. తొంభై నాలుగులో మా సాంబారు గుండిగలో బల్లి పడింది. చూసింది నేనొక్కదాన్నే. బయట అరవై మంది ఆకుల ముందర కూర్చొని ఉండారు. గరిటెతో తీసి పారేసి గమ్మున ఉంటే దేవుడికి గూడా తెలీదు. గుండిగెత్తి మోరీలో పోసేసినా. బయటికొచ్చి, 'సాంబార్లో బల్లి పడిందప్పా, ఈ పొద్దు మజ్జిగన్నమే' అని చెప్పినా. సగం మంది లేచి పోయినారు. మర్నాడు అందరూ తిరిగొచ్చినారు. నా చేతి మీద జనానికి నమ్మకం యాడనుంచి వచ్చిందనుకొన్నావు? ఉప్పూకారం నుంచి గాదు, ఆ పొద్దు నుంచి వచ్చింది."

స్టాన్లీ తల దించుకున్నాడు.

"ఈ పుస్తకం చూసే గదప్పా రేపు ఇంకొక సొన్నమ్మకు ఈ మందిచ్చేది? ఆయమ్మకు కడుపులో తిప్పితే ఏమంటారు? సొన్నమ్మ ఒక్క పూట గూడా తప్పకుండా పొడుచుకొనె, నీకేం రోగమొచ్చె అని తిట్టరా? నేను ఆయమ్మకు అన్యాయం చెయ్యను. డాక్టరమ్మకు నేనే చెప్తా. నీ పేరు ఎత్తను, భయపడద్దు."

కుర్చీ చేతులు పట్టుకుని లేచి నడిచింది. డాక్టరు గది తలుపు తట్టేలోగా వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. "నేను కూడా వస్తాను ఆంటీ" అన్నాడు స్టాన్లీ. మొహం పాలిపోయి ఉంది. లోపల ఆమె తన తొమ్మిది రోజుల సంగతి చెప్పింది. అతను, టిక్కులు పెట్టమని తను చెప్పిన మాట తనే చెప్పుకున్నాడు.

డాక్టరు గీతాంజలి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు కోపం వచ్చిందని సొన్నమ్మ అనుకుంది. నిజంగానే వచ్చింది కానీ సొన్నమ్మ మీద కాదు.

"వికారంగా ఉందని నాకు ఫోన్ ఎందుకు చేయలేదమ్మా?"

"చేస్తే తీసేస్తారేమో అనుకొన్యా."

"అందరూ అలాగే అనుకున్నట్టున్నారు" అంది డాక్టరు.

ఆ వారంలో ఆమె కొత్త మందు వేసుకుంటున్న ఇరవై ఇద్దరికీ తనే ఫోన్ చేసింది. నిజం చెబితే ఎవరినీ తీసేయబోమని మాటిచ్చి అడిగింది. తొమ్మిది మంది మధ్య మధ్య మానేస్తున్నారని తేలింది. ఒకాయన రోజూ మందును తులసి కుండీలో నొక్కేస్తున్నాడట. డాక్టరు ఉన్నదున్నట్టు రాసి మందు కంపెనీకీ, ఆస్పత్రిలో ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే నీతి కమిటీకీ పంపింది.

తర్వాతి మూడు వారాలు అందరూ బిక్కుబిక్కుమంటూ గడిపారు. పై నుంచి మనుషులొచ్చి పుస్తకాలన్నీ తిరగేశారు. చివరికి సెంటర్ మూయలేదు. తప్పుడు టిక్కులున్న పేజీలను పక్కకు తీశారు. పెద్ద మోతాదు పడనివాళ్ళు చిన్న మోతాదుతోనే ఉండొచ్చన్నారు. వారానికోసారి ఫోన్ చేసి కనుక్కోవాలన్నారు. స్టాన్లీ ఉద్యోగం నిలిచింది, అయితే కొన్నాళ్ళు అతని పని మీద ఇంకొకరి కన్ను పెట్టారు.

డాక్టరు ఆ సంగతులన్నీ చెప్పి, చివర్న అంది. "సొన్నమ్మా, మందు మానేసినవాళ్ళ పుస్తకాల్లో మొదటి పేజీ నుంచి చివరి దాకా నమ్మగలిగింది ఒక్కటే ఉందన్నారు. ఏ వాసనకు వికారం పుట్టిందో, ఏం తింటే నిలిచిందో కూడా రాసిన పుస్తకం. మీది."

ఆ మాట నారాయణప్ప ఇంటికొచ్చాక ఆమె చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. రాసింది తన చెయ్యి మరి.

చిన్న మోతాదుకు తిరిగొచ్చాక సొన్నమ్మ ఆ మందుతో కాపురం ఎలా చేయాలో తనే కనిపెట్టుకుంది. తెల్లారే లేచి సాంబారు, పల్యం కూర వండేసి, ఉప్పు చూసి దించాకే సూది పొడుచుకునేది. పొడుచుకున్నాక గంటసేపు ఆగకుండా కాసేపట్లోనే తినేది. పూరీ, బజ్జీ జోలికి పోలేదు. పలచటి రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని చిన్న గ్లాసుడు, మళ్ళీ రెండు గంటలకు ఇంకో గ్లాసుడు. కడుపు సాకు అనగానే చెయ్యి తీసేసేది. ఇదంతా విని డాక్టరు మిగతావాళ్ళను ఆమె దగ్గరకు పంపింది. ఒక గురువారం, మధ్యాహ్నం రద్దీ తగ్గాక, ఎనిమిది మంది మెస్ బల్లల ముందు కూర్చున్నారు. పెద్ద కంపెనీలో మేనేజరు హేమంత్‌కుమార్ ఒకవైపు, తులసి కుండీ పెద్దాయన ఒకవైపు. సొన్నమ్మ అందరికీ అంబలి పోసి, ఎంత తినాలో, ఎక్కడ ఆపాలో చెప్పింది. జీవితమంతా ఇంకో ముద్ద తినండని కొసరి వడ్డించిన మనిషి, "సాకప్పా, ఇంక లెయ్యి" అంటుంటే సందు జనం నవ్వుకున్నారు. కానీ ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ మందు మానలేదు.

ఏడాది నిండేసరికి ఆమె ఎనభై అయిదు కిలోలకు వచ్చింది. మూడు నెలల సగటు చక్కెర తొమ్మిదిన్నర శాతం నుంచి ఏడుకు దిగింది. మార్కెట్ మెట్లు ఆగకుండా ఎక్కగలిగింది. పరీక్ష ముగిసింది, మిగిలిన కలాలు తిరిగిచ్చేసింది. ఆ మందు తర్వాత దుకాణాల్లోకి వచ్చినా మెస్ నడిపేవాళ్ళకు అందే ధరలో రాలేదు. ఆమె రాత్రిపూట కొద్దిపాటి ఇన్సులిన్‌కు మారింది. నాలుగు కిలోలు తిరిగొచ్చాయి, మిగతా ఏడు రాలేదు. దానికి ఆమె ఏడవలేదు. ఎక్కడ ఆపాలో తెలిసింది, అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదా అనుకుంది.

రెండు వేల తొమ్మిదిలో ఒక సాయంత్రం డాక్టరు గీతాంజలి తనే మెస్‌కు వచ్చింది. ఒక బల్ల దగ్గర కూర్చుని, కాఫీ తాగి, విషయం చెప్పింది. ఆస్పత్రి నీతి కమిటీలో మామూలు జనం తరఫున ఒకరు ఉండి తీరాలని నియమం. ఉన్నాయన ఊరు మారిపోయాడు. "మీ పేరు చెప్పాను. వాళ్ళు ఒప్పుకున్నారు."

సొన్నమ్మ చేతిలోని గుడ్డ కింద పెట్టేసింది. "నేనా? నాలుగో క్లాసు చదివినదాన్ని డాక్టరమ్మా! వాళ్ళంతా పెద్ద పెద్ద చదువులోళ్ళు."

"ఇంగ్లీషు చదివేవాళ్ళు అక్కడ ఏడుగురు ఉన్నారమ్మా. అడిగేవాళ్ళే లేరు."

మొదటి సమావేశానికి ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. నారాయణప్ప ఆటోలో తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, ఇంటికి పోకుండా అక్కడే ఆటో ఆపించుకుని కూర్చున్నాడు. లోపల పొడుగాటి బల్ల. అధ్యక్షుడు వెంకటరాయప్ప రిటైరైన జడ్జి. పక్కన ఒక వకీలు, ఒక కాలేజీ పంతులు, నలుగురు డాక్టర్లు. ఆరోజు వాళ్ళ ముందుకు ఇంకొక కొత్త సూదిమందు పరీక్ష వచ్చింది. ఇది రోజుకు ఒక్కసారి పొడుచుకుంటే చాలట. మందు తీసుకునేవాళ్ళకు ఇచ్చే కాగితాలను ఆమె కోసం కన్నడలో చదివి వినిపించారు. ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆసాంతం విన్నది.

అందరూ సరేనన్నారు. జడ్జిగారు ఆనవాయితీగా ఆమె వైపు తిరిగారు. "సొన్నమ్మగారూ, మీరేమైనా చెప్పేది ఉండాదా?"

"ఒకటే సార్. మందు మానేసినోళ్ళు వచ్చి నిజం చెప్తే ఎవురూ కోప్పడరని, తీసెయ్యరని ఇందులో యాడుండాది?"

వకీలు పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కాలేజీ పంతులు తన కాగితాల్లో వెతికాడు.

"ఎక్కడా లేదు" అన్నాడు వకీలు.

"అయితే రాయండి. లేకుంటే అందరూ టిక్కులు పెడతారు. మీరు ఆ టిక్కులు చూసి మందు మంచిదంటారు."

డాక్టర్లలో ఒకాయన ఏదో అనబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. "ఏమని రాయాలో మీరే చెప్పండమ్మా" అన్నారు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నిదానంగా, కూరలో వేయాల్సినవి వరసగా చెప్పినట్టు చెప్పింది. మందు వేసుకోని రోజు వేసుకోలేదనే చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, తీసెయ్యరు. మీరు చెప్పే నిజం మీ తర్వాత వచ్చేవాళ్ళకు అన్నం పెట్టినంత పుణ్యం. వకీలు పుణ్యం అన్న మాట దగ్గర ఆగి, "సాయం అని రాద్దామా?" అన్నాడు. సరేనంది. అది కాగితాల్లో మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో ఉండాలని జడ్జిగారు తీర్మానం రాయించారు. ఇంగ్లీషులో, కన్నడలో, ఆమె పట్టుబట్టడంతో తెలుగులో కూడా.

బయటికి వచ్చేసరికి నారాయణప్ప ఆటో దిగి నిలబడి ఉన్నాడు. "ఏమాయె?"

"నేను చెప్పింది రాసుకొన్యారు" అంది సొన్నమ్మ. "మొదటి పుటలో వేస్తారంట."

ఆయన ఆమె చెయ్యి పట్టి ఆటో ఎక్కించాడు. తను పక్కన కూర్చుని, ఆటో మడివాళ వైపు తిరగగానే ముందుకు వంగి డ్రైవరుతో మొదలుపెట్టాడు. లోపల జడ్జిగారున్నారనీ, వకీలున్నాడనీ, నలుగురు డాక్టర్లున్నారనీ, వాళ్ళంతా కాగితం కలం పట్టుకుని తన భార్య చెబుతుంటే రాసుకున్నారనీ కన్నడంలో చెప్పుకుపోతున్నాడు. ఇంకో రోజైతే సొన్నమ్మ మోచేత్తో పొడిచి ఆయన నోరు మూయించేది. ఈరోజు మాత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఆయన్ను చెప్పనిచ్చింది.